ఎడమ పక్క అద్దం

సెప్టెంబరు 4

తప్పింది.

నేను కాదు, బండి. అయినా ఆ మాట అన్నాయన నా మొహంలోకి చూసి అన్నాడు కాబట్టి నాకే తగిలింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ భౌతికశాస్త్రంలో పిల్లల్ని తప్పించినదాన్ని. తప్పినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవాళ బండి అద్దంలో చూసుకున్నాను. అచ్చం అలాగే ఉంది.

బ్రేకులు పాసు. లైట్లు పాసు. పొగ పాసు. హారన్ కొట్టమంటే కొట్టాను. అదీ పాసే. అంతా అయిపోయిందనుకుని తాళం తిప్పబోతుంటే, తనిఖీ ఆయన బట్టల క్లిప్పు లాంటి యంత్రం ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని నా పక్క అద్దానికి తగిలించి అంకె చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అటు తిరిగి ఎడమ పక్క అద్దానికి తగిలించాడు. మళ్ళీ తల ఊపాడు.

"యాభై ఆరు వస్తోందమ్మా. డెబ్బైకి తగ్గకూడదు."

"ఏమిటి డెబ్బై?"

"వెలుతురు. బయట నూరుంటే లోపలికి డెబ్బై రావాలి. ముందు సీట్ల పక్కనే లెండి. వెనక అద్దాలు మీ ఇష్టం, దుప్పటి కప్పుకున్నా అడగం."

"ఎండ ఆగడానికి దీనికి అంటించింది డెబ్బై ఫిల్మేనండీ. మా అల్లుడు డబ్బా మీద చదివి మరీ వేయించాడు."

అన్నాక నాకే వెలిగింది. ఫిల్మ్ లేకుండానే ఆ అద్దం నూటికి ఎనభై వంతులే లోపలికి పంపిస్తుంది. ఆ ఎనభైలో డెబ్బై శాతాన్ని ఫిల్మ్ పంపిస్తుంది. గుణిస్తే యాభై ఆరు. అల్లుడు గుణించడం మరిచిపోయాడు. చదివింది ఇంజనీరింగు.

"చాలామంది ఇలాగే పొరబడతారమ్మా," అన్నాడు మీటరాయన. "ఆ రెండు అద్దాల ఫిల్మ్ తీయించుకుని నెల లోపల రండి. అదొక్కటే మళ్ళీ చూస్తాం. మిగతాదంతా వయసుకి బాగానే ఉంది."

బండి గురించే అన్నాడనుకుంటాను.

బండి బయటికి తీస్తూ, పక్క సీట్లో ఉన్న మా ఆయనతో అన్నాను: "బండిని ఇంత గుచ్చి గుచ్చి చూస్తారు, దాన్ని నడిపేవాళ్ళ వంక తలెత్తి కూడా చూడరు, గమనించారా?" నవ్వుతారనుకున్నాను.

"సైకిల్," అన్నారు.

బ్రేకు వేశాను. ఎడమ పక్కనుంచి సైకిలు ఒకటి ముందుకు దూసుకొచ్చి, దాని మీది మనిషి వెనక్కి తిరిగి నన్నేదో అని వెళ్ళాడు.

"చూశాన్లెండి," అన్నాను.

అంతా ఫిల్మ్ మహిమ. ఏప్రిల్‌లో అది వేయించిన దగ్గర్నుంచి నాకు ఎడమ పక్కంతా సాయంకాలమే. నడిపేటప్పుడు కుడి చెయ్యి ఎండకి మాడిపోతోందని ఒక్కసారి నోరు జారినందుకు అల్లుడు చేసిన ఉపకారం.

సెప్టెంబరు 5

ఈయన వ్యాఖ్యానం గురించి ఫిర్యాదు చేసుకోవడానికి ఏదైనా ఆఫీసు ఉంటే బాగుండు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. నోటితో పని పడలేదు. ఎక్కడ తప్పు కనిపించినా అంచులో చిన్న గీత గీసి ఊరుకోవడమే. ఇంట్లోనూ అంతే. కాపురం మొదట్లో, నాతో మాట్లాడరేమని అడిగితే "తప్పులేం లేవుగా" అన్నారు. అలాంటి మనిషి ఈ మధ్య బండెక్కితే చాలు, ఆటల వ్యాఖ్యాత అయిపోతున్నారు. "గేటు." "స్కూటరు." "కుక్క." క్రియాపదం ఉండదు. నేనేదో ఆ కుక్కని పుట్టాక మొదటిసారి చూస్తున్నట్టు.

పైగా రోజూ మాతోపాటు ఈతకి బయల్దేరతారు. మనవరాలి ఈతకి ఈయనకేం పని? అక్కడి బెంచీ మీద కూర్చుంటే పేపరు బాగా చదవబుద్ధేస్తుందట. ఇంట్లో కుర్చీలకి ఏమొచ్చిందో.

సెప్టెంబరు 8

ఆదివారం. కూతురూ అల్లుడూ భోజనాల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. అంటే ముందే ఇద్దరూ మాట్లాడుకున్నారన్నమాట.

"తప్పు నాదే అత్తయ్యా," అన్నాడు అల్లుడు. మంచివాడే. తప్పు ఒప్పుకోవడంలో ఇతనికి ఉన్నంత ఉత్సాహం నేనెవరిలోనూ చూడలేదు. "ఇప్పుడే తీసుకెళ్ళి తీయించేస్తా. గంట పని."

"అక్కర్లేదు. నేను ఆ ఆఫీసుకి అర్జీ పెడతాను. అద్దం మీద దుమ్ముంది. దుమ్ము తుడవకుండా కొలిచాడు. ఆ కొలత చెల్లదు."

కూతురు గరిటె కింద పెట్టింది. "అమ్మా, ఆర్నెల్లుగా చీకటి చీకటి అని గోల పెట్టింది నువ్వే కదా? తీయిస్తామంటే వద్దంటావేంటి?"

"ఇది సూత్రానికి సంబంధించిన విషయం."

"ఏ సూత్రం?"

"చెబితే అర్థమయ్యేదైతే నీకు పదో తరగతిలోనే అర్థమయ్యేది."

ఇలాంటి జవాబులు వచ్చినప్పుడు నా మీద నాకే ముచ్చటేస్తుంది. తర్వాత గదిలోకొచ్చి చాలాసేపు ఆలోచించాను, ఏ సూత్రమా అని.

అల్లుడు మాత్రం వదల్లేదు. కళ్ళకి ఎండ పడదని కంటి డాక్టరు రాసిస్తే ఫిల్మ్ ఉంచుకోవచ్చని ఫోన్లో ఎక్కడో చదివాడు. "ఒక్కసారి కళ్ళు చూపించుకుంటే అత్తయ్యా, రెండు విధాలా..."

"నా కళ్ళకేం? ఇప్పటికీ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను."

సూదీ దారం తెప్పించి ఎక్కించి చూపించాను కూడా. చప్పట్లు కొట్టింది మా మనవరాలు వసపిట్ట ఒక్కతే. ఈయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. అప్పటికే ఒకసారి కడుక్కున్నారు.

సెప్టెంబరు 10

వసపిట్ట గురించి రాయాలి. తొమ్మిదేళ్ళది. దాని పేరుకి ఇంట్లో ఎవరికీ అవసరం పడదు. అది మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి పిలవక్కర్లేదు. కానీ అంత మాట్లాడే పిల్ల, "బడిలో ఏమైందే?" అని వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని అడిగితే "ఏం లేదు, బాగానే ఉంది" అంటుంది. అదే పిల్ల బండి వెనక సీట్లో కూర్చుని, నా జడ ముడి తప్ప ఇంకేం కనిపించనప్పుడు, అన్నీ చెబుతుంది. ఎవరు తనతో ఆడట్లేదో, ఎవరి పెన్సిలు తీసిందో, రాత్రి దేనికి భయమేసిందో. ఎదురుగా మొహం లేకపోతే నిజం సులువుగా వస్తుందని దాన్ని చూశాకే తెలిసింది. తాతయ్య ముందు సీట్లో ఉంటారు కానీ, ఆయన ఉన్నా దానికి లేనట్టే.

బడి నుంచి ఈతకొలను దాకా, కొలను నుంచి ఇంటి దాకా. రోజు మొత్తంలో నాకు కావాల్సింది ఆ రెండు ప్రయాణాలు. ఇంకేం అడగను.

సెప్టెంబరు 11

అర్జీ రాశాను. బాగా వచ్చింది. పంపలేదు.

సెప్టెంబరు 12

కప్పు పగిలింది. పొద్దున కూతురు కాఫీ తెచ్చి బల్ల మీద నా ఎడమ పక్కన పెట్టి వెళ్ళింది. మోచెయ్యి తగిలి పడింది. కాఫీ కప్పు పెట్టే పద్ధతి కూడా తెలియదు. ఈయనైతే ఎప్పుడూ కుడి పక్కనే పెడతారు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క పనైనా సరిగ్గా నేర్చుకున్నారని ఈ మధ్యే సంతోషిస్తున్నాను.

సెప్టెంబరు 15

ఫిల్మ్ దుకాణానికి వెళ్దామనుకున్నాను. మబ్బు. వెళ్ళలేదు.

సెప్టెంబరు 16

ఎండ. వెళ్ళలేదు.

సెప్టెంబరు 18

ఈయనకి జ్వరం. అయినా చొక్కా వేసుకుని వాకిట్లోకి వచ్చేశారు. ఒళ్ళు కాలిపోతోంది, చెప్పులు తారుమారుగా వేసుకున్నారు. "ఒక్కరోజు పేపరు ఇంట్లో చదివితే అక్షరాలు మారిపోవు," అని లోపలికి పంపాను. "అయితే ఇవాళ మానిపించు," అన్నారు. "ఎందుకు మానిపించాలి?" అంటే చెప్పరు. గుమ్మంలో నిలబడి మేము వెళ్ళేదాకా చూస్తూనే ఉన్నారు.

తిరుగుప్రయాణంలో వసపిట్ట వెనకనుంచి మొదలెట్టింది.

"అమ్మమ్మా, నీకొకటి చెప్తా, అమ్మకి చెప్పవుగా?"

"ముందు చెప్పు, తర్వాత చూద్దాం."

"నేను లోతు వైపుకి వెళ్ళట్లేదు. వెళ్తున్నానని అమ్మతో చెప్పా. గోడ పట్టుకుంటా. ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతా. కాళ్ళు కింద ఆనించే ఉంటాయి. చూసేవాళ్ళకి ఈదుతున్నట్టే ఉంటుంది తెలుసా!"

"మరి సారు చూడరా?"

"సారు ముందు వరసవాళ్ళనే చూస్తారు. నేను పక్కగా..."

అప్పుడే చప్పుడైంది.

బ్రెడ్డు దుకాణం మూల మలుపు. చెత్తడబ్బా. నిలువెత్తు ఆకుపచ్చ డబ్బా. పొర్లుతూ రోడ్డు మధ్యకి పోయి, లోపలున్నదంతా కక్కింది. దిగి చూస్తే బండి ఎడమ తలుపు నొక్కుకుపోయి ఉంది. మలుపులో డబ్బా పెట్టిందెవరో కానీ, వాళ్ళకి బుద్ధుండాలి అన్నాను గట్టిగా, అక్కడున్నవాళ్ళందరికీ వినపడేలా.

"అది రోజూ అక్కడే ఉంటుంది కదా అమ్మమ్మా," అంది వసపిట్ట.

"ఈ అద్దాల్లోంచి కనిపించి చావదు."

అది డబ్బా ఉండే చోటు వంక చూసింది. తర్వాత అంది: "డబ్బా పక్కన రోజూ చెప్పులు కుట్టే తాత కూర్చుంటాడు. ఇవాళ రాలేదు."

ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను. ఇంట్లో చెప్పొద్దని నేనేమీ అనలేదు. కొనిపెట్టానంతే. పుల్ల కూడా నాకేసి, "అయితే చెప్పకూడదన్నమాట," అంది.

ఫిల్మ్. ఫిల్మ్. ఫిల్మ్.

సెప్టెంబరు 19

ఆ మూలకి నడిచి వెళ్ళాను. ఉన్నాడు. డబ్బా పక్కనే గోనె పరుచుకుని, ముందు చెప్పులు పేర్చుకుని. నిన్న పంటి నొప్పితో రాలేదట. నాకంటే పెద్దవాడేమో. చెప్పు తెగలేదు. అయినా ఇచ్చి కుట్టించుకున్నాను.

"ఇది బాగానే ఉందిగా తల్లీ?" అన్నాడు తిప్పి తిప్పి చూసి.

"తెగేలా ఉంది, కుట్టు."

సెప్టెంబరు 20

ఈయనకి జ్వరం తగ్గింది. లేచి చేసిన మొదటి పని వాకిట్లోకెళ్ళి బండి చుట్టూ తిరగడం. నొక్కు దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ప్రూఫు చూసినంతసేపు చూశారు.

లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. పక్కన కాదు, ఎదురుగా.

"ఫిల్మ్ తీయించెయ్."

"గడువుంది కదా."

"గడువు కోసం కాదు."

"తీస్తే ఏమవుతుంది?"

"తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది?"

తర్వాత ఆయన అన్నది రాయను.

కూతురు కూడా నొక్కు చూసింది. పిల్ల చెప్పలేదు. ఐస్‌క్రీమ్‌కి కట్టుబడింది. కూతురే చూసి, "ఫిల్మ్ తీయించేదాకా పిల్లని ఎక్కించకమ్మా," అంది. కోపంగా అనుంటే జవాబు చెప్పేదాన్ని. బతిమాలుతున్నట్టు అంది.

సెప్టెంబరు 23

తీయించాను.

దుకాణంలో ఫిల్మ్ అతను వేడిగాలి గొట్టం ఒకటి తెచ్చి, జుట్టు ఆరబెట్టినట్టు అద్దాన్ని మూల నుంచి మూలకి వేడి చేశాడు. కుడి పక్కది ఒక్క లాగుకే వచ్చేసింది. ఎడమ పక్కది మాత్రం మొండికేసింది. ముక్కలు ముక్కలుగా ఊడింది. జిగురు మిగిలితే సబ్బునీళ్ళు చల్లి గీకి గీకి తీశాడు. "ఇటువైపు భలే పట్టుకుందండీ," అన్నాడు. నేను పక్కనే నిలబడి, త్వరగా కానివ్వమని అనలేదు. నాకిది కొత్త.

కుడి పక్క ఫిల్మ్ నా చేతికివ్వమన్నాను. ఎత్తి పట్టుకుని దానిలోంచి వీధి చూశాను.

అంతా కనిపించింది. ఎదుటి దుకాణం బోర్డు మీద చిన్న అక్షరాలు కనిపించాయి. మెట్ల మీద కునికే పిల్లి కనిపించింది. రంగులు ఒక వాసి తగ్గాయంతే.

వెలుతురు సగమైతే కంటికి సగమైనట్టు తోచదు. కాస్త తగ్గినట్టుంటుంది. కన్ను లెక్కల మనిషి కాదు, సర్దుకుపోయే మనిషి. ఈ పాఠం ఏటేటా నేనే చెప్పాను. ఎదురుగా ఉన్న సైకిల్ని మాయం చెయ్యాలంటే అద్దానికి తారు పూయాలి. ఇది నాకు ఏప్రిల్‌లో కూడా తెలుసు.

ఆ ఫిల్మ్‌ని వసపిట్ట పట్టుకుపోయి చేపల తొట్టికి అంటించింది. చేపలకి ఎండ తగులుతోందట.

సెప్టెంబరు 24

పాసయింది.

మీటరాయన క్లిప్పు తగిలించి, ఈసారి తల నిలువుగా ఊపాడు. రెండో పక్కా నిలువుగానే. "ఇప్పుడు బాగా కనిపిస్తోందా అమ్మా?" అన్నాడు మర్యాదకి.

"అద్భుతంగా."

కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు. ఈయన నా పక్క సీట్లో కూర్చున్నారు. గేటు దాటుతున్నాం. మంచి ఎండ. ఎడమ పక్క అద్దం కడిగిన పలకలా ఉంది, అసలు అద్దముందా అన్నట్టు.

"సైకిల్," అన్నారు.

లేదు. నేను చూస్తున్నాను. అక్కడ ఏ సైకిలూ లేదు.

అయినా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. అప్పుడు సైకిలు వచ్చింది. ఎక్కడనుంచో రాలేదు. గోడలోంచి వచ్చినట్టు, గాలిలోంచి వచ్చినట్టు వచ్చింది. మీద బడిపిల్ల, వీపున సంచీ.

ఇంటిదాకా ఆయన చెప్పిన చోటల్లా బ్రేకు వేశాను. ఆయన "స్తంభం" అన్నారు. "ఆటో" అన్నారు. "మెల్లిగా" అన్నారు.

సెప్టెంబరు 25

కారణం తీసేసినా ఫలితం మిగిలితే, అది కారణం కాదు. ఈ ముక్క రాయని పిల్లలకి మార్కు కోసేదాన్ని.

సరే, ప్రయోగం చేద్దాం అనుకున్నాను. సాయంత్రం బండిని వాకిట్లో నిలిపి, ఇంజను ఆపి, నా సీట్లో కూర్చున్నాను. వసపిట్టకి ఎర్ర గొడుగు ఇచ్చాను. "బండి ఎడమ పక్కన, వెనకనుంచి ముందుకి నడిచి రా. నేను ముందుకే చూస్తుంటాను. గొడుగు కనిపించగానే 'ఆగు' అంటాను. అన్నచోట ఆగిపో."

"ఆటా?"

"ఆటే."

ముందు కుడి పక్కన ఒకసారి ఆడాం. అద్దం వారగా రాగానే ఎరుపు కనిపించింది, ఆగమన్నాను, ఆగింది. బాగుంది. ఇక ఎడమ పక్క. ఎదురుగా గోడ మీద ఒక మచ్చని చూస్తూ కూర్చున్నాను. కూర్చున్నాను. పిల్ల ఎక్కడో పరధ్యానంలో పడిందనుకున్నాను.

"బయల్దేరవే!"

"ఎప్పుడో వచ్చేశా అమ్మమ్మా."

గొంతు దగ్గరగా వినిపించింది. తల తిప్పాను. ముందు చక్రం పక్కన నిలబడి ఉంది. ఎర్ర గొడుగు తెరిచి, తల మీద పట్టుకుని. ఆ గొడుగు బండి ముందు భాగంలో సగం ఉంది.

"నువ్వు ఓడిపోయావు," అంది. తర్వాత నా మొహం చూసి, "ఇంకోసారి ఆడదామా? ఈసారి మెల్లిగా వస్తా," అంది.

ఇంకోసారి ఆడాం. మెల్లిగానే వచ్చింది. పాట కూడా పాడింది, నాకు సాయం చెయ్యడానికి.

ఈయన మెట్ల మీద కూర్చుని అంతా చూశారు. పిల్ల లోపలికి పోయాక వెళ్ళి పక్కన కూర్చున్నాను. తన కుడి పక్కన నాకు చోటిచ్చి జరిగారు. అప్పుడర్థమైంది, ఎప్పుడూ నా ఎడమ పక్కనే ఎందుకు కూర్చుంటారో.

"ఆ వ్యాఖ్యానం ఎప్పుడు మొదలెట్టారు?"

"కిందటేడు వానల్లో."

"అంటే ఫిల్మ్‌కి ముందే."

"ముందే."

"చెప్పలేదేం?"

"చెప్పాగా." ఆశ్చర్యపోయారు నిజంగానే. "రోజూ చెప్పా. సైకిల్ అని. గేటు అని."

తిట్టాలనుకున్నాను. నోటికొచ్చింది కూడా, మంచి వాక్యం, రెండు ఉపవాక్యాలతో. ఈలోగా ఆయనే అన్నారు: "పక్కన నేనుంటే చాల్లే అనుకున్నా. నాకు జ్వరం వచ్చిన రోజు తెలిసింది, చాలదని."

ఆ వాక్యం మింగేశాను.

సెప్టెంబరు 30

కంటి ఆసుపత్రి. కూతురు సెలవు పెట్టి తీసుకెళ్ళింది. దారంతా నేనేమీ అనలేదు, దాని డ్రైవింగు చూస్తూ కూడా.

అక్కడ పెద్ద గిన్నె లాంటి యంత్రంలో గడ్డం ఆనించి, మధ్యనున్న చుక్కని చూస్తూ, చుట్టూ ఎక్కడ మినుకు కనిపించినా మీట నొక్కాలి. కుడి కంటికి కొన్ని దొరికాయి. ఎడమ కంటికి ఎంతసేపటికీ ఏదీ రాలేదు.

"ఇది పనిచేస్తోందా అమ్మాయ్?"

"పనిచేస్తోందండీ," అంది ఆ పిల్ల మెత్తగా. మెత్తగా చెప్పే మాటలు నాకు పడవు.

డాక్టరమ్మ చిన్నదే. కానీ సూటిగా మాట్లాడింది, అందుకు మెచ్చుకున్నాను. కంట్లో ఒత్తిడి పెరిగి నరం పక్కలనుంచి తినేస్తుందట. నొప్పుండదు. మధ్య చూపు చివరిదాకా బాగానే ఉంటుంది, సూదిలో దారం ఎక్కుతూనే ఉంటుంది, అందుకే మనిషి నమ్మదట. ఎడమ కన్ను చాలా పోయింది. కుడిది మొదలైంది.

"పోయిన చూపు రాదండి. ఉన్నది పోకుండా చుక్కల మందు వేసుకుందాం. కానీ బండి నడపడం ఇంక వద్దు."

"మళ్ళీ వచ్చి చూపించుకోవడానికి గడువేమైనా ఇస్తారా?"

"దేనికండీ?"

"ఏం లేదు. బండికి ఇచ్చారు."

కూతురు నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు ముందు కాబట్టి విడిపించుకోలేదు.

ఇంటికొచ్చే దారిలో చెప్పాను. చెత్తడబ్బా. ఐస్‌క్రీమ్. చెప్పులు కుట్టే ముసలాయన కూర్చునే చోటు. కూతురు బండి పక్కకి తీసి ఆపేసింది. తిట్టింది. బాగా తిట్టింది, మధ్యలో ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. ఎక్కడా తప్పుపట్టే వీల్లేదు. చివర్లో, "ఫిల్మ్ మీద పెట్టావు కదమ్మా అంతా. పాపం నీ అల్లుడు ఆర్నెల్లు నీకు సారీ చెబుతూనే ఉన్నాడు," అంది.

నిజమే. అల్లుడికి ఏదైనా చెయ్యాలి. గుణకారం నేర్పడం కాకుండా.

తాళం నేనే తీసిచ్చాను. అడగనివ్వలేదు.

అక్టోబరు 3

బస్సు. బడికి, కొలనుకి, ఇంటికి. ముగ్గురం వెళ్తున్నాం, ఈయన పేపరుతో సహా. వసపిట్ట కిటికీ పక్కన కూర్చుని బస్సులో ఉన్నవాళ్ళందరితో మాట్లాడింది. నాతో మాత్రం "బడి బాగానే ఉంది" అంది.

అక్టోబరు 7

"బాగానే ఉంది."

అక్టోబరు 9

సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తుంటే వసపిట్ట వాకిట్లో బండి దగ్గర ఆగిపోయింది. వెనక తలుపు పట్టుకుని లాగింది.

"అమ్మమ్మా, కాసేపు బండిలో కూర్చుందామా?"

"ఎక్కడికీ పోదే అది."

"పోవద్దులే. కూర్చుందాం."

కూతుర్ని అడిగాను. వచ్చి తలుపులు తీసి, తాళం మళ్ళీ జేబులో వేసుకుని పోయింది. దాన్ని పెంచింది నేనే, ఏమీ అనడానికి లేదు.

నేను నా సీట్లో కూర్చున్నాను. అది వెనక. ఈయన వచ్చి, ఎవరూ పిలవకుండానే, ఎడమ పక్క సీట్లో కూర్చుని పేపరు విప్పారు. తలుపులు వేసుకున్నాం. లోపల ఎండ వాసన, పాత సీట్ల వాసన. నొక్కు పడిన తలుపు సరిగ్గా మూసుకోదు, ఈయన రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

"ఫిల్మ్ ఉంటే బాగుండేది," అంది వసపిట్ట. "ఎదురింటివాళ్ళు చూస్తున్నారు, బండి కదలకుండా కూర్చున్నామని."

"చూడనీ. ఎనభై వంతులు చూస్తారు."

చేతులు స్టీరింగు మీద పెట్టుకున్నాను. పెట్టకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందుకి చూశాను, గోడ మీద మచ్చ వైపు. వెనకనుంచి మొదలైంది, మెల్లిగా.

"ఇవాళ గోడ వదిలేశా."

"ఊఁ."

"మునిగిపోయా. నీళ్ళు మింగా. ముక్కులోకి పోయాయి. మళ్ళీ గోడ పట్టుకున్నా."

"తర్వాత?"

"తర్వాత సారుతో చెప్పేశా, నాకు రాదని. ఈత రాదన్నవాళ్ళ వరసలో నిలబెట్టారు. అక్కడ చిన్నపిల్లలున్నారు అమ్మమ్మా. నా నడుము దాకా ఉన్నారు."

"సిగ్గేసిందా?"

"వేసింది. నీకు?"

ఎదురుగా మొహం లేదు. గోడ మీద మచ్చ ఉంది.

"వేసిందే," అన్నాను.

అది ఇంకా ఏదో చెబుతూ పోయింది. చిన్నపిల్లల వరసలో ఒకడికి పన్నూడి కొలనులో పడిపోతే అందరూ వెతికారట. వింటూ స్టీరింగు కొంచెం అటూ ఇటూ తిప్పాను, ఊరికే. బండి కదల్లేదు.

"పిల్లి," అన్నారు ఈయన, పేపరు దించకుండా.

"బండి ఆగే ఉంది కదండీ."

"అయినా," అన్నారు.

పిల్లి దాటేదాకా ఆగాను.